కాయితం మీద నేను అనని మాట

మల్‌గే ఊరు, గొహంగ్ జిల్లా
అక్టోబరు 16

డో యురిమ్‌కి, నా ఇంట్లో ఏడు నెలలు నా చేతి కూడు తిని, చెప్పాపెట్టకుండా పోయిన పిల్లకి,

నేను బాంగ్ మక్‌సిమ్‌ని. నాకు చదువు రాదని నీకు తెలుసు. చెబుతున్నది నేను, రాస్తున్నది పక్కింటి కోడలు తుయెన్. వియత్నాం నుంచి వచ్చిన పిల్ల, మన అక్షరాలు మనవాళ్ళకంటే గుండ్రంగా రాస్తుంది. అయినా నేనెవర్నీ నమ్మను. దీన్ని కవర్లో పెట్టేముందు పోస్టాఫీసు అమ్మాయి చేత పైకి చదివిస్తాను. నేను చెప్పిందొకటీ ఇందులో ఉన్నదొకటీ అయితే, ఈ ఏడు కిమ్చి పచ్చడి పెట్టుకోడానికి తుయెన్‌కి నా వాకిట్లో చోటు లేదు. ఈ మాట కూడా రాయమన్నాను. రాస్తూ నవ్వుతోంది.

ఇక సంగతి. శనాదివారాల్లో టీవీలో వచ్చే "ఉప్పుగాలి ఇల్లు" సీరియల్ మా ఊరి హాల్లో అందరం కూర్చుని చూస్తున్నాం. చివర పేర్లు పడుతుంటే తుయెన్ చదివింది, రాసింది నువ్వట. పోనీలే, పిల్ల పైకొచ్చింది అనుకున్నాను. ఆనక చూద్దును కదా, సముద్రం ఒడ్డున ముసలిదాని ఇల్లు. ఉద్యోగం పోయినవాడు, మొగుడొదిలేసింది, అమ్మానాన్న లేని పిల్ల, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరతారు. ముసలిది గిన్నెడు గిన్నెడు పులుసు పోసి వాళ్ళందర్నీ ఒక కుటుంబం చేసేస్తుంది. హాల్లో ముక్కు చీదనివాళ్ళు లేరు. "అచ్చం నువ్వే మక్‌సిమక్కా!" అంటుంది చేపలమ్మే ఆవిడ. నేనెట్లా అవుతాను? నేను గది అద్దెకిచ్చాను, అంతే. నీ ముసలిది మాటమాటకీ నవ్వుతుంది. దానికి పళ్ళన్నీ ఉన్నాయి కూడాను.

అదీ పోనిచ్చాను. కానీ పోయిన ఆదివారం చూపించావే, అన్నం దగ్గర చిన్నపిల్ల ఎడంచేత్తో చెంచా పట్టుకుంటే తండ్రి ఆ చేతిని గుడ్డపీలికతో బల్లకోడుకి కట్టేయడం. తల్లి, కింద పడ్డ తినే పుల్లలు తీస్తున్నట్టు వంగి, ఆ ముడి విప్పేయడం. అందరూ అయ్యో అన్నారు.

ఆ ముడి విప్పింది నేను. ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళం ముగ్గురమే. ఒకడు మట్టిలో ఉన్నాడు. ఒకతెను నేను. నాకు పిల్లల్లేరని నీతో చెప్పాను, గదికొచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెబుతాను. మరి నీకెవరు చెప్పారు?

నువ్వు నా ఇంటికి ఊరికే రాలేదు. నిన్ను పంపిందెవరు?

బాంగ్ మక్‌సిమ్

*

సియోల్
అక్టోబరు 29

గౌరవనీయులైన అవ్వగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం టీవీ ఆఫీసు నుంచి మా బృందంలో చేతులు మారి నిన్ననే నాకు అందింది. చెప్పకుండా వచ్చేసినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ రోజు తొలి బస్సుకి బయల్దేరాను. మీరు బురదనేలలోకి గుల్లలు ఏరడానికి వెళ్ళారు. మిమ్మల్ని చూస్తే ఆగిపోతానని భయపడ్డాను.

సీరియల్లో పాత్రలన్నీ కల్పితాలే. అలా చేతులు కట్టేయడం ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఉండేదని పెద్దవాళ్ళు చెబుతుంటారు. ఊళ్ళో ఎవరో అన్న మాట ఏదైనా నా మనసులో ఉండిపోయి రాతలోకి వచ్చిందేమో. మీకు నొప్పి కలిగితే క్షమించండి. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చలికాలం వస్తోంది కదా, బలానికి కొంచెం ఎర్ర జిన్‌సెంగ్ వేరు పొడి పంపుతున్నాను. పొద్దున్నే వేడినీళ్ళలో కలుపుకు తాగండి.

యురిమ్

*

మల్‌గే ఊరు
నవంబరు 12

యురిమ్‌కి,

జిన్‌సెంగ్ డబ్బా తిప్పి పంపుతున్నాను. సీలు తియ్యలేదు, చూసుకో. తప్పు చేసినవాళ్ళే మోకాళ్ళ సంగతి అడుగుతారు.

ఊళ్ళో ఎవరో అన్నారంటావా? నాకో కూతురుండేదని ఇక్కడి పాతవాళ్ళకి తెలుసు, నా ముందు ఎత్తరు. కానీ ముడి సంగతి ఒక్కరికీ తెలీదు. మా ఆయన చచ్చేదాకా ఆయనకే తెలీదు, ఆ పీలిక ఎందుకంత తొందరగా ఊడిపోతోందో. పిల్ల దెయ్యప్పిల్ల అనుకునేవాడు.

నీ గురించి వెనక్కి తిరిగి ఒక్కొక్కటీ తీస్తున్నాను. నాలుగో రోజునే నువ్వు పాత రేవు దగ్గరికెళ్ళి, వంతెన కట్టకముందు పడవ ఎక్కడాగేదని అడిగావు. గోడ మీది ఫొటోలు ఒకటొకటిగా చూశావు. "ఇక్కడో ఫొటో తీసేసినట్టుందే అవ్వా, కాయితం రంగు వేరేగా ఉంది" అన్నావు. గోడకాయితం రంగు చూసే అద్దెవాళ్ళు ఎవరుంటారు?

హాల్లో వాళ్ళు తేల్చేశారు. నువ్వు నా మనవరాలివట! సీరియల్లో అయితే అంతేగా, తప్పిపోయిన ప్రతి మనిషీ చివరికి ఎవరికో మనవరాలవుతుంది. చేపలావిడ ఏడుపు కూడా మొదలెట్టింది. "ఆపవే, మా వంశంలో చెవులు ఇంతింత ఉంటాయి, దాని చెవులు ఎండు గుల్లల్లా ఉంటాయి" అన్నాను. నువ్వు నా రక్తం కాదు. ఏడు నెలలు ఎదురుగా కూర్చుని తిన్నదాని చెవులు నాకు తెలీవా?

ఈ ఆదివారం ఇంకోటి చూపించావు. పిల్లకి పందొమ్మిదేళ్ళు. నాన్న సంబంధం కుదిరిస్తే ఒప్పుకోక, పూసాన్‌లో బూట్ల ఫ్యాక్టరీకి పోతానని మూటతో రేవుకొచ్చింది. తల్లి అంటుంది: "ఈ పడవెక్కితే నువ్వు నాకు చచ్చినట్టే."

పక్కన ఇంజను మోగిపోతోంది ఆవేళ. అరిచినా వినపడదు. నేను దాని చెవిలో అన్నాను. దాని చెవిలో.

అంటే అది బతికే ఉంది. నీతో మాట్లాడుతోంది. ముప్ఫై మూడేళ్ళుగా నాకు ఒక్క కబురు లేదు, నీకు మాత్రం బల్ల కింది ముడి దగ్గర్నుంచి తెలుసు. దాని పేరు జంగిమ్. ఎక్కడుంది? నువ్వు దానికేమవుతావు? ఈసారి ఊళ్ళో వాళ్ళు, పెద్దవాళ్ళు అంటూ గుండ్రంగా తిప్పావంటే, మా ఊళ్ళో యూజా పళ్ళు కోసే పని వదిలేసి నేనే సియోల్ వచ్చి టీవీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

బాంగ్ మక్‌సిమ్

*

సియోల్
నవంబరు 27

అవ్వకి,

ఇక దాచను. అయితే నేను చెప్పేది వినడానికి బాగుండదు.

జంగిమ్ అత్త బతికే ఉంది. ఇంచన్‌లో అనాథపిల్లల ఇంట్లో వంట చేస్తుంది. నేను తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఇంటికి చేరాను. మొదటి నెల నేను ఎవరితోనూ మాట్లాడలేదు. రోజూ నన్ను వంటింట్లో ఒక డబ్బా మీద కూర్చోబెట్టి, మొలకలకి తోకలు తుంచే పని ఇచ్చేది. మాట్లాడమని ఒక్కసారీ అడగలేదు. ముప్ఫై ఐదో రోజునో, ముప్ఫై ఆరో రోజునో నేనే "ఉప్పు ఎక్కువైంది" అన్నాను. "అయితే రేపు నువ్వే వెయ్యి" అంది. నాకున్న అమ్మ అంటే అదే.

మీరు అడిగారు, నన్ను పంపిందెవరని. ఎవరూ పంపలేదు. ఆమెకి చెప్పకుండా వచ్చాను. మిమ్మల్ని అసహ్యించుకోవడానికి వచ్చాను.

ఎందుకో మీకు తెలియదన్నట్టే రాస్తున్నారు. ఇరవై ఏడేళ్ళ వయసులో అత్తకి పెళ్ళి కుదిరింది. పెళ్ళి నమోదుకి మీ మండలాఫీసు నుంచి కుటుంబ పత్రం తెప్పించుకుంది. అందులో ఆమె పేరు మీద అడ్డంగా గీత. ఆచూకీ లేనందున మరణించినట్టు కోర్టు ప్రకటించింది. అర్జీ పెట్టినవారు: తల్లి, బాంగ్ మక్‌సిమ్. కింద సంతకం చోట మీ పేరు ముద్ర. పెళ్ళికొడుకు వాళ్ళమ్మ ఆ కాయితం చూసి, "కన్నతల్లే చంపేసుకున్న పిల్ల మాకెందుకు?" అంది. ఆ పెళ్ళి ఆగిపోయింది. అత్త ఆ గీత తీయించుకోలేదు. "రేవులో అన్నది, అన్నంత పనీ చేసింది" అంది ఒక్కసారి. మళ్ళీ ఎత్తలేదు.

అలాంటి మనిషి ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను. వచ్చిన రోజే, నేను అడక్కుండా, మీరు చేప ముల్లు తీసి నా అన్నం మీద పెట్టారు. అసహ్యించుకోవడం కుదర్లేదు. మీరు చూస్తారనే ఆ రెండు సన్నివేశాలూ రాశాను. మీరు నాకు ఉత్తరం రాస్తే అడుగుదామనుకున్నాను. రాశారు. అడగడానికి భయపడ్డాను.

ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు చేశారు?

యురిమ్

*

మల్‌గే ఊరు
డిసెంబరు 15

యురిమ్‌కి,

నీ ఉత్తరం తుయెన్ చదివింది. మళ్ళీ చదవమన్నాను. పోస్టాఫీసు అమ్మాయి చేతా చదివించాను. మూడుసార్లూ ఒకేలా ఉంది. అప్పుడు తుయెన్‌ని తీసుకుని మండలాఫీసుకి పోయాను. అక్కడివాడు పాత పుస్తకం వెతికి తీశాడు. నువ్వన్నది నిజం. గీత ఉంది. నా ముద్ర ఉంది.

ఇప్పుడు నా మాట విను. ఏడుపు రాత కాదిది, నా వాదన. ఒక్క ముక్క తగ్గించకుండా రాయమన్నాను.

అప్పట్లో ఊళ్ళో సగం మంది ముద్రలు ఊరిపెద్ద ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఎరువులకొకటి, విత్తనాలకొకటి, ప్రతిదానికీ ముద్ర కావాలి. పొలంలో బురదకాళ్ళతో ఉన్నవాళ్ళం ఎన్నిసార్లు పరుగెడతాం? చదువొచ్చినవాళ్ళు కూడా అక్కడే ఉంచేవాళ్ళు. మా ఊరిపెద్ద నా మరిది. నా ముద్ర పదకొండేళ్ళు ఆ డబ్బాలో ఉంది. మా ఆయన పోయాక దిగువ పొలం మరిది తీసుకున్నాడు. "వదినా, కాయితాలన్నీ నేను చూసుకుంటాలే" అన్నాడు. నేను తలూపాను. నా తప్పు ఆ తలూపడం. అది ఒప్పుకుంటాను. దానికి మించి ఒప్పుకోను.

మరిదికి ఎనభై నాలుగు. పట్నంలో ముసలాళ్ళ ఆస్పత్రిలో ఉన్నాడు. పోయాను. మంచం పక్కన నిలబడ్డాను.

"జంగిమ్ చచ్చిపోయిందని కోర్టుకి రాసింది ఎవరు?"

"ఏ జంగిమ్?"

"నీ అన్న కూతురు. నువ్వు భుజానికెత్తుకుని తిప్పిన జంగిమ్."

మతి పోయినట్టు నటిస్తాడేమో అనుకున్నాను, నటించలేదు. "వారసులందరి ముద్రలూ పడకపోతే పొలం రాయించుకోలేం వదినా. ఆ పిల్ల జాడ లేదు. జాడ లేనివాళ్ళకి దారి అదొక్కటే అన్నారు. నీ మంచికే."

"నాకు చెప్పావా?"

"చెబితే ఒప్పుకుంటావా?"

పక్క మంచం మీది ఆయన, "అరవకమ్మా, ఇది ఆస్పత్రి" అన్నాడు. నేనింకా అరవనే లేదు. అప్పుడు అరిచాను.

నువ్వు అడిగావు, ఎందుకు చేశానని. రేవులో ఆ మాట అన్నది నేనే. ఆ మాట నాది. కోపంలో నోటితో అన్నాను. కాయితం మీద అనలేదు. నాకు కాయితం మీద ఏ మాటా అనడం రాదు. ఈ దేశంలో నోటికొచ్చిన మాటకల్లా కూతుళ్ళు చచ్చిపోతే ఒక్క ఇంట్లో పిల్ల మిగలదు.

ఇంకొకటి. నిన్ను కూడా నేను నమ్మడంలేదు. ఈ ఉత్తరం దానికి చూపించి, అది చదువుతుంటే మొహం ఎలా ఉందో చూసి, మళ్ళీ ఆదివారం సీరియల్లో పెడతావేమో. పెట్టావంటే ఊరుకోను.

మండలాఫీసువాణ్ణి అడిగాను, గీత తీయించడం ఎలాగని. తల్లి కూడా కోర్టులో అర్జీ పెట్టొచ్చన్నాడు. కానీ బతికున్న మనిషి బతికున్నట్టు కోర్టుకి తెలియాలి కదా అన్నాడు. అర్జీ పెట్టాను. ఈసారి మూడుసార్లు చదివించుకుని పెట్టాను. జంగిమ్‌కి చెప్పు: నా దగ్గరికి రావద్దు. కోర్టుకి రమ్మను. నేను దూరంగా చివరి బల్ల మీద కూర్చుంటాను. పలకరించమని అడగను.

బాంగ్ మక్‌సిమ్

వేరే కాయితం

యురిమ్ అక్కకి. ఇది తుయెన్ మాట. పోస్టాఫీసులో చదివించడం అయ్యాక కవర్లో దూరుస్తున్నాను, అవ్వకి తెలియదు. మండలాఫీసులో అతను గీత చూపించినప్పుడు అవ్వ, "ఏ తేదీన చచ్చిపోయిందని రాశారు?" అని అడిగింది. అతను చెప్పాడు: తొంభై ఐదు, మే ఏడు. బయట మెట్ల మీద కూర్చుంది. రెండు బస్సులు పోయాయి, లేవలేదు. నేను రెక్క పట్టుకుంటే, "ఉండవే, ఆ రోజు నేను ఏం చేస్తున్నానో గుర్తుకు రావడంలేదు" అంది. అప్పట్నుంచి అన్నం సగంలో ఆపేస్తోంది. నేను మా అమ్మని చూసి ఆరేళ్ళయింది. మీరు ఏదో ఒకటి చెయ్యండి.

*

ఇంచన్
జనవరి 21

అవ్వకి,

ఇంచన్ వచ్చి రాస్తున్నాను. కవర్లో ఉన్నదంతా అత్తకి ఇచ్చాను. కిమ్చి కలిపే గిన్నెల మధ్య నిలబడి చదివింది. మొహం ఎలా ఉందో నేను చూడలేదు. మీరు నమ్మరు కానీ, వీపు తిప్పుకుని నిలబడ్డాను.

మొదట నమ్మలేదు. "ఇది ఎవరో రాసిచ్చారు" అంది. "ఇప్పుడు ముసలిదయింది, ఇల్లు చూసుకోడానికి మనిషి కావాలి, అందుకు కథ అల్లించింది" అంది. "ఆ వియత్నాం అమ్మాయి ఎవరు, ఆమెకేం లాభం?" అని అడిగింది. అవ్వా, మీ ఇద్దరి పక్కనా కూర్చుని అన్నం తిన్నదాన్ని నేను. అనుమానపడటం కూడా రక్తంలో వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

నాలుగు రోజులు ఆ ఉత్తరం బియ్యం డబ్బా మీద ఉంది. ఐదో రోజు కూరలు తరుగుతూ, నన్ను చూడకుండా అంది:

"ఎంత వెతికినా ఇందులో క్షమించమన్న మాట ఒక్కటి లేదు."

"లేదు" అన్నాను.

"వేరేవాళ్ళు రాసుంటే ఆ మాట ఉండేది. అయితే ఇది ఆమే."

కోర్టుకి వస్తుందో రాదో చెప్పలేదు. సెలవు కావాలని మాత్రం ఆ ఇంటి పెద్దావిడని అడిగింది, పనిలో చేరిన ఇరవై మూడేళ్ళలో మొదటిసారి. ఎందుకని అడిగితే, "చచ్చినవాళ్ళకి సెలవులుండవా?" అందట.

నేను సీరియల్లో ఇదేదీ పెట్టలేదు. నలభై ఒకటో భాగం నుంచి రేవు సన్నివేశం తర్వాతి కథ ఆపేశాను. మా దర్శకుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు, చివరి భాగంలో కూతురు ఇంటికి రావాల్సిందే, జనం అడుగుతున్నారని.

యురిమ్

*

మల్‌గే ఊరు
మార్చి 5

యురిమ్‌కి,

నిన్న కోర్టు అయింది. నువ్వు రాలేదు. మంచిపని చేశావు. వచ్చి ఉంటే నిన్నే చూస్తూ కూర్చునేవాళ్ళం ఇద్దరం.

నేను చివరి బల్ల మీదే కూర్చున్నాను. అది వచ్చింది. నేను గుర్తుపట్టలేదు ముందు. బూడిదరంగు కోటు వేసుకున్న లావుపాటి మనిషి లోపలికొచ్చి, తలుపు చప్పుడు కాకుండా మూసింది. ఎవరో గుమాస్తా అనుకున్నాను. కుర్చీ లాక్కున్న తీరు చూసి, వాళ్ళ నాన్న అనుకున్నాను. ఆ తర్వాత తెలిసింది.

జడ్జి కుర్రవాడు. రక్తపరీక్ష కాయితాలు ముందే ఉన్నాయి అతని దగ్గర. అయినా అడిగాడు: "ఈమె మీ కూతురేనని చెబుతున్నారా?"

"కన్నాను కాబట్టి చెబుతున్నాను."

"మరి చనిపోయిందని మీ పేరుతో అర్జీ ఎందుకు వచ్చింది?"

"అది నేను చెప్పింది కాదు. ఇది నేను చెబుతున్నది. రెంటికీ తేడా తెలుసుకోడానికే గదా మిమ్మల్ని అంత చదివించారు?"

తుయెన్ నా చెయ్యి గిల్లింది. జడ్జి మాత్రం కోప్పడలేదు. జంగిమ్ వైపు తిరిగి, మీరేమైనా చెప్పాలా అన్నాడు. అది లేచింది.

"నా పేరు మీద ఓటు లేదు, బ్యాంకు పుస్తకం లేదు. కానీ రోజూ అరవై మంది పిల్లలకి మూడు పూటలా వండుతున్నాను. చచ్చినవాళ్ళు వండరు. అంతే" అని కూర్చుంది.

గీత తీసేస్తామన్నారు. ఇంకో నెలకి కొత్త కాయితం వస్తుందట.

బయట వరండాలో కాఫీ మిషను ఉంది. జంగిమ్ ఒక గ్లాసు తీసుకుంది. నన్ను చూసి ఇంకోటి తీసింది. ఇద్దరం గోడవారన నిలబడి తాగాం. పక్కపక్కన, ఎదురెదురు కాదు.

"లావయ్యావు" అన్నాను.

"నువ్వు పొట్టిదానివయ్యావు" అంది.

"రేవులో అన్న మాట నాదే. కాయితం నాది కాదు."

"ఇన్నేళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను."

"ఒకటి కాదు."

గ్లాసు ఖాళీ చేసి చెత్తబుట్టలో వేసింది. "సరే" అంది.

ఆ సరే ఏం సరేనో నాకు తెలీదు. రాత్రంతా తిప్పి తిప్పి చూశాను. ఒప్పుకున్న సరేనా, ఇక చాలు పో అన్న సరేనా? తుయెన్ మంచిదే అంటుంది. తుయెన్‌కి అన్నీ మంచివే. పోస్టాఫీసు అమ్మాయి నా కళ్ళలోకి చూడకుండా, "చెప్పలేం అవ్వా" అంది. దాన్ని నమ్ముతాను.

బస్టాండుకి నడిచాం. మళ్ళీ ఎప్పుడొస్తావని నోరు జారి అడిగేశాను. "చెప్పను" అంది. రానని అనలేదు. చెప్పను అంది. రెండూ వేరేనా? వేరే అయితే నాకు రాయి. నువ్వు దాని వంటింట్లో పెరిగావు, దాని మాటల లోపలేముంటుందో నాకంటే నీకు బాగా తెలుసు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు ఎంత మండుతోందో తెలుసా?

ఇక నీ సీరియల్. ఈ నెలాఖరు ఆదివారం చివరి భాగం, కూతురు వాకిట్లోకి వస్తుంది, ముసలిది పరిగెత్తుకెళ్ళి పట్టుకుంటుంది అని హాల్లో అందరూ ఇప్పటికే రుమాళ్ళు తెచ్చుకుంటున్నారు. వద్దు. నా కూతురు నా వాకిట్లోకి రాకముందు నీ కూతుర్ని ఆ వాకిట్లోకి తేవద్దు. తెచ్చావంటే వీళ్ళంతా ఏడ్చి, ముక్కులు తుడుచుకుని, అంతా అయిపోయిందనుకుని ఇళ్ళకి పోతారు. నాకు అయిపోలేదు. మీ దర్శకుడు ఏమన్నా సరే, నా పేరు చెప్పు, అతనికి కూడా ఉత్తరం రాయిస్తాను.

నీ కూతుర్ని బస్సులో కూర్చోబెట్టు. కిటికీ పక్కన. ఆ బస్సు మా ఊరికొస్తోందో, ఊరు దాటి పోతోందో మాత్రం చూపించకు. అక్కడ ఆపేయి.

బాంగ్ మక్‌సిమ్